బిక్షం మొఖం

మట్టయ్యను కోదాడ తీసుకెళ్లింది నేనే. నా కాళ్లు విరిగిపోను, ఆ రోజు ఇంట్లో కూర్చున్నా బాగుండేది.

మట్టయ్యది త్రిపురారం. మిర్యాలగూడలో మా స్కూల్ అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన పాత నవల ఒకటుంది. అందులో దొరకు ఎదురుతిరిగి, కల్లంలోనే కట్టె దెబ్బలకు ప్రాణం విడిచే కూలీ బిక్షం కల్పన కాదు, మట్టయ్య కన్నతండ్రి. రచయిత పేరైనా మార్చలేదు. అప్పటికి మట్టయ్య తల్లి కడుపులో ఉన్నాడు. తండ్రి ఫొటో అంటూ ఒక్కటీ లేదు. తల్లి సువార్తమ్మ మాత్రం, మట్టయ్య కొడుకు ఉపేందర్‌కు మీసాలొచ్చాక వాడి గదవ పట్టుకుని, "గిదే మొఖం. మా ఆయన లేచొచ్చిండు" అని ఏడ్చిందట. ఆమె పోయి పదేళ్లయింది.

ఆ నవలను సినిమా తీస్తున్నారని, కోదాడ ఫంక్షన్ హాల్లో కొత్తవాళ్లను ఎంపిక చేస్తున్నారని పేపర్లో చూసి చెప్పాను. మట్టయ్య నా చేతులు పట్టుకున్నాడు.

"మేడమ్, మా పోరన్ని బిక్షం చేస్తే నాయినను ఒక్కసారన్న సూసుకుంట. అరవై ఏడేండ్లొచ్చినయ్, ఇగ ఎప్పుడు సూడాలె?"

ఉపేందర్ రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. మంచి ఒడ్డూ పొడుగూ. కోదాడలో డైరెక్టర్ కుర్రాడు వాడి చుట్టూ తిరిగి చూసి, "సూపర్! కట్టెతో కొట్టే దొర మనిషి దొరికేశాడు" అన్నాడు.

"బాబూ, ఇతను బిక్షానికి స్వయానా మనవడు" అన్నాను.

"బిక్షం హీరో, మేడమ్. హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. అయినా బిక్షం ఇట్లా ఉండడు, బక్కగా ఉండాలి."

బిక్షం ఎట్లా ఉండాలో బిక్షం కొడుకు ముందే చెప్తున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఉపేందర్ అప్పటికే కాగితం మీద సంతకం పెడుతున్నాడు.

తిరుగు బస్సులో మట్టయ్య కొడుకును బతిమాలాడు. "వద్దు బిడ్డా. నీది నాయిన మొఖం. నాయిన మొఖంతోనే నాయినను సంపుతవా?"

"మీ నాయినను ఎవడు సూసిండే? నువ్వు సూసినవా?" అన్నాడు వాడు విసుగ్గా. "బస్తాలు మోసి మోసి సచ్చిపోతున్న. ఒక్కసారి తెర మీద కనవడితే నీకేం కష్టం?"

వాణ్ని మాత్రం ఏమనగలను?

పోయిన వారం నేనూ మట్టయ్యా సూర్యాపేట వెళ్లి ఆ సినిమా చూశాం. కల్లం సీనొచ్చింది. తెర నిండా ఉపేందర్ మొఖమే. కట్టె లేచింది, బక్క హీరో కూలిపోయాడు. హాలంతా శాపనార్థాలు. మా ముందున్న ముసలమ్మ, "నీ చేతులు పడిపోను! నీ మొఖాన మన్నువడ!" అంది.

మట్టయ్య లేచి నిలబడ్డాడు. "ఆ మొఖాన్ని తిట్టకు తల్లీ. గది మా నాయినది."

"కూసో పెద్దాయనా, కనవడ్తలేదు!" అని వెనక నుంచి కేకలు. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

మట్టయ్య నా వైపు వంగి అడిగాడు.

"మేడమ్, అమ్మ బతికుంటే ఆ మొఖాన్ని గుర్తువడుతుండెనా?"