ఆషాఢంలో కుంటని గుర్రం

తిరుచానూరులో కోమలి ఇంటికి దారి అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. గుర్రం ఇల్లు అంటారు. ఆమె నాయన మునికుమార్‌కు ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. పెళ్ళికొడుకుల్ని ఊరేగించడం దాని పని. ఒకప్పుడు తిరుపతి రైల్వేస్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. మునికుమార్ తాత జట్కా తోలాడు, తండ్రి తోలాడు. ఆటోలు వచ్చాక ఈయన దగ్గరికి వచ్చేసరికి బండి పోయి గుర్రం మిగిలింది.

గుర్రం చాలా విచిత్రమైన జీవి. నిలబడే కునుకు తీస్తుంది. వాంతి చేసుకోలేదు, అందుకని తిన్నది పడకపోతే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. రాజ్యాలు గెలిచిపెట్టిన జంతువుకు ఒక్క వాంతి చేసుకునే వరం లేకపోయింది. ఇవన్నీ కోమలికి బడిలో చేరకముందే తెలుసు. వీటికి మార్కులు వేసేవాళ్ళు కూడా ఉంటారని మాత్రం పదిహేడో ఏట తెలిసింది.

తిరుపతి శివారులో ఒక గుర్రపుస్వారీ క్లబ్బు ఉంది. శ్రావణమాసంలో వాళ్ళు పిల్లలకు అశ్వవిజ్ఞాన పోటీ పెట్టారు. జట్టుకు ముగ్గురు. గెలిచిన ముగ్గురికీ బెంగుళూరు దగ్గర గుర్రాల ఆసుపత్రిలో రెండేళ్ళ శిక్షణ, ఉండటానికి చోటు, తిండి. ఓడితే ఏమిటన్నది మునికుమార్ ముందే తేల్చేశాడు.

"గెలిస్తే పో, నేను అడ్డం రాను. లేకుంటే సోమవారం నుంచి బంగారుపాళ్యం మామిడిపండ్ల పల్పు ఫ్యాక్టరీకి పోవాల. టిన్నులకు లేబుళ్ళు అంటించే పని, మాట్లాడి పెట్టినా."

కోమలి ఇంటర్‌లో తనతో చదివిన జోయల్‌ను పట్టుకుంది. వాడు గుర్రాన్ని ముట్టుకోవడానికి భయపడేవాడు గానీ పుస్తకం ఇస్తే నమిలి మింగేవాడు. మూడో మనిషి పక్కింటి నవీన, పదో తరగతి. గుర్రం ఎముకల పేర్లన్నీ ఎక్కాల్లాగా అప్పజెప్పేది.

శనివారం నాటికి పదకొండు జట్లలో రెండు మిగిలాయి. వీళ్ళూ, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని వచ్చిన బెంగుళూరు పిల్లలూ. చెరి ముప్పై ఎనిమిది పాయింట్లు. ఇక ఒక్కటే ప్రశ్న. గుర్రాన్ని పరిగెత్తిస్తారు, ఏ కాలు కుంటుతోందో నిమిషంలో పలకమీద రాసి చూపించాలి.

గోధుమరంగు గుర్రం ఒకటి మైదానంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రహరీ అవతల కల్యాణమండపంలో డోలు మొదలైంది. గుర్రం నాలుగడుగులు వేసి ఎడమ ముందుకాలు పైకి లాగి, తల కిందికి దించింది. మళ్ళీ లాగింది, మళ్ళీ దించింది.

జోయల్ సుద్దముక్క అందుకున్నాడు. కోమలి వాడి మణికట్టు పట్టుకుంది.

"రాయొద్దు. అది కుంటడం లేదు. ఆడతా ఉండాది."

"ఆడతా ఉండాదా?"

"డోలు ఇను. దెబ్బ పడినప్పుడే కాలు లేస్తా ఉండాది. యాడో పెండ్లిగుర్రం ఇది. మా నాయన నేర్పేది ఇట్లే, బెల్లం పెట్టి."

"ఇరవై సెకన్లే ఉండాయి అక్కా" అని నవీన గొణిగింది.

జోయల్ చెయ్యి విడిపించుకుని 'ఎడమ ముందుకాలు' అని రాసేశాడు. బెంగుళూరు వాళ్ళు కుడి అని రాశారు. తల వంగినప్పుడు నేలమీద ఉన్న కాలే జబ్బుది అనుకోవడం కొత్తవాళ్ళు చేసే తప్పు.

క్లబ్బు పశువైద్యుడు, పోటీకి న్యాయనిర్ణేత కూడా అయిన యోగానంద మైకు దగ్గరికి వచ్చాడు. "ఎడమ ముందుకాలు సరైన సమాధానం." నవీన కోమలి మెడకు చుట్టుకుంది. కూతురి పోటీ చూడటానికి వచ్చిన మునికుమార్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆయన గుర్రం కాళ్ళకేసే చూస్తున్నాడు.

యోగానంద పిల్లలకు వివరిస్తున్నాడు. ఈ గుర్రాన్ని చెన్నైలో కొన్నారు. వేసవిలో కుంటింది. ఆషాఢంలో మందు పనిచేసి పూర్తిగా తగ్గింది. శ్రావణం రాగానే మళ్ళీ తిరగబెట్టింది. ఇక లాభం లేదు, సోమవారం ఆ కాలి నరం కోసేస్తున్నారు. నొప్పి తెలియకుండా పోతుంది.

కోమలి నెలలు లెక్కపెట్టుకుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆ నెలంతా తమ గుర్రం కూడా గడ్డి తిని నిద్రపోతుంది. మండపంలో డోలు మోగని నెలలో ఈ గుర్రానికి కుంటు తగ్గింది, మందువల్ల కాదు. నరం తెగిన కాలికి రేపు మేకు దిగినా గుర్రానికి తెలియదు, పుండు పట్టి కుళ్ళిపోతున్నా దానిమీదే నడుస్తుంది.

ఆమె నాయన వైపు చూసింది. ఆయనకూ అర్థమైంది. ఎవరికీ కనపడకుండా తల అడ్డంగా ఒక్కసారి ఊపాడు. వద్దు.

కప్పు బల్లమీద పెట్టారు. పేర్లు పిలుస్తున్నారు. జోయల్ ముందుకు నడిచాడు.

"సార్, దానికి జబ్బు లేదు" అంది కోమలి.

మైకులో పడింది. యోగానంద కళ్ళజోడు తీశాడు. "మీరు గెలిచిన ప్రశ్నమ్మా ఇది. తప్పని తేలితే రద్దు చేయాలి, మళ్ళీ సమానమైపోతారు. ఆలోచించుకుని మాట్లాడు."

"ఆలోచించినా సార్. ఒక బకెట్ ఇప్పించండి."

మండపంలో డోలు ఆగింది. గుర్రాన్ని ఒక చుట్టు తిప్పించారు. తల నిలకడగా ఉంది, కాళ్ళు నాలుగూ సమంగా పడ్డాయి. కోమలి ప్లాస్టిక్ బకెట్ బోర్లించి రెండు అరచేతులతో దరువు వేసింది. మూడో దెబ్బకు గుర్రం ఎడమకాలు ఎత్తింది, తల దించింది, బెల్లం కోసం మూతి ఇటు చాచింది.

ఎవరో నవ్వారు. యోగానంద నవ్వలేదు. వంగి, గిట్ట పట్టుకుని పటకారుతో చుట్టూ నొక్కి చూశాడు. గుర్రం చెవి కూడా కదపలేదు. చాలాసేపటికి లేచి నిలబడి, "సోమవారం ఆపరేషన్ లేదు" అన్నాడు. తర్వాత అంతే మెల్లగా, "ప్రశ్న రద్దు" అన్నాడు.

బదులు ప్రశ్న ఏదో విదేశీ జాతి గుర్రం ఏ దేశానిదని. బూట్ల పిల్లలు ముందుగా గంట కొట్టి జవాబు చెప్పేశారు.

తిరుచానూరు బస్సులో నవీన కిటికీకి తల ఆనించి ఏడుస్తోంది. మునికుమార్ ముందు సీట్లో కూర్చుని ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. పద్మావతీపురం దాటాక జోయల్ నోరు విప్పాడు.

"నువ్వు ముందే సెప్పినావు. నేను నమ్మినా మే."

"నమ్మితే ఎడమ అని ఎందుకు రాసినావు?"

"ఆ సార్ ఏమనుకుంటా ఉండాడో అది రాసినా. ఆయన కుంటతాదనే కదా తెచ్చినాడు." వాడు చేతికంటిన సుద్దను ప్యాంటుకు తుడుచుకున్నాడు. "గుర్రం సంగతి నేను సూళ్ళేదు."

బస్సు దిగాక మునికుమార్ పూలకొట్టు దగ్గర ఆగాడు.

"నేను వద్దంటిని గదా."

"సూసినా నాయనా."

"నేనయితే నోరు మూసుకునుండేవాణ్ణి" అన్నాడాయన. ఆ మాట కూతురితో అన్నాడో, తనలో తాను అనుకున్నాడో తెలియదు. "సోమవారం అయిదున్నరకంతా బస్సు. సద్ది నేను కట్టిస్తాలే" అని ఇంటివైపు నడిచాడు.

సోమవారం కోమలి బంగారుపాళ్యం వెళ్ళింది. మొదటిరోజు పన్నెండు వందల టిన్నులకు లేబుళ్ళు అంటించింది.