ఏం చల్లారండీ?

మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఒక అలవాటుంది. బాత్‌రూము కడగబోయే ముందు గుమ్మం దగ్గర నిలబడి, "ఏం చల్లారండీ?" అని అడుగుతుంది. జవాబు వస్తేనే లోపలికి అడుగు పెడుతుంది. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజూ మానలేదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. "ఇదేమన్నా చేపల చెరువా తల్లీ?" అనేదాన్ని.

ఆవిడది కొల్లేటి లంక గ్రామం. పెళ్ళయి ఏలూరు రాకముందు తల్లితో కలిసి చేపల చెరువుల్లో కూలికి వెళ్ళేది. ఆ చెరువుల్లో సున్నం, బ్లీచింగు, పేరు తెలియని మందులు చల్లుతుంటారు. ఒకసారి అడక్కుండా దిగిన తల్లికి మోకాళ్ళ దాకా బొబ్బలెక్కాయట. అప్పటినుంచి ఆ తల్లీకూతుళ్ళు గట్టు మీదే నిలబడి, ఏం చల్లారో మేస్త్రీ చెప్పాకే నీళ్ళలో కాలు పెట్టేవారు. మేస్త్రీ విసుక్కున్నా, ఆ పూట పనిలోకి రావద్దన్నా సరే. నన్నడిగితే వాళ్ళిద్దరికీ దండం పెట్టాలి.

ఇక నా సంగతి. తాడేపల్లిగూడెంలో, తర్వాత ఏలూరులో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ల్యాబులో చీటీ లేని సీసా కనిపిస్తే అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరినీ దులిపేసేదాన్ని. అంతటి నేను, మోపెడ్ మీద డబ్బాలతో వచ్చే ఫినాయిలు మనిషి దగ్గర యాసిడ్ కొని, పాత కూల్‌డ్రింకు సీసాలో పోయించుకున్నాను. ఇందులో ఏముందయ్యా అంటే "మంచి సరుకండి" అన్నాడు. ఫినాయిలు గురించి అడిగినా, అద్దాలు తుడిచే నీలం నీళ్ళ గురించి అడిగినా అదే మాట. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. నేనూ తలూపి సీసా లోపల పెట్టుకున్నాను.

పోయిన వానాకాలం మురుగు కాలవ పొంగి మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక ఇంటింటికీ బ్లీచింగ్ పౌడరు పంచారు. ఆ ఉదయం బాత్‌రూము గచ్చు మీద మరకలు పోతాయని నేను ఆ యాసిడ్ పోసి వదిలేశాను. ఇంతలో తణుకు నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. మా కబుర్లు మంచి రసపట్టులో ఉండగా ఆవిడ వచ్చి, బ్లీచింగు డబ్బా పట్టుకుని, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏం చల్లారండీ?"

నేను ఫోనులో మాట్లాడుతూనే, ఏమీ లేదు, కానివ్వు కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాను.

రెండు నిమిషాల్లో దగ్గు వినిపించింది. ఆ వెనకే ఆ వాసన నా దాకా వచ్చింది. క్లోరిన్! ఏళ్ళ తరబడి జాడీలో పట్టి, పిల్లలకు దూరం నుంచి చూపించి, మూత తియ్యకండర్రా అని భయపెట్టిన వాయువు నా ఇంట్లో తిరుగుతోంది. ఆవిణ్ణి రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. కళ్ళు ఎర్రబడి, ఊపిరందక, గోడ పట్టుకుని వంగిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"ఏం యాసిడండీ? ఎంత ఘాటుది?" అని డాక్టరుగారు అడిగారు. సీసా మీద ఉన్నది కూల్‌డ్రింకు పేరు. "సరే, రెండూ ఎలా కలిశాయి?" అన్నారు. ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి ఆవిడే చెప్పింది: "నేనే చూసుకోలేదండి."

నేను నోరు తెరవలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో రోజు ఆవిణ్ణి ఇంటికి పంపారు. ఆవిడ కంటే ముందే మాట వీధికి చేరింది, చూడకుండా ఏవేవో కలిపేస్తుందని. ఆవిడ పనిచేసే నాలుగిళ్ళలో రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. అడగందే అడుగు పెట్టని మనిషికి వచ్చిన పేరు అది! ఆ సంగతి కూడా ఆవిడ నాకు చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర నా చెవిన పడింది.

కూరలు కొనకుండానే ఆ రెండిళ్ళకూ వెళ్ళాను. మొదటి ఇంటి ఇల్లాలు కాఫీ కలపబోయింది. వద్దని, నిలబడే చెప్పాను. "యాసిడ్ పోసింది నేనండీ. ఆవిడ అడిగింది. ఏమీ లేదని చెయ్యి ఊపింది కూడా నేనే."

"మీరాండీ? కెమిస్ట్రీ మేడంగారు మీరు!" అంది ఆ ఇల్లాలు.

"అవునండీ, నేనే."

రెండో ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. మర్నాడు మొదటి ఇంటివాళ్ళు మళ్ళీ పనికి పిలిచారు. రెండో ఇంటివాళ్ళు ఇంతవరకూ పిలవలేదు.

మళ్ళీ మా ఇంటికి పనికి వచ్చిన రోజున ఆవిడ చీపురు పట్టలేదు. సీసాలన్నీ తెచ్చి వరండాలో పెట్టి, "ఒక్కొక్కటీ చదవండి మేడంగారూ" అంది. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాని మీద నిమ్మకాయ బొమ్మ, మెరుపులు, పువ్వులు ఉన్నాయి. లోపల ఏం కలిపారో ఎక్కడా లేదు.

"నిమ్మకాయ ఉందాండీ ఇందులో?"

"ఉండదమ్మా. వాసనే."

"మరి ఉన్నదేదో చెప్పకుండా లేనిదాని బొమ్మెందుకండీ?"

నా సర్వీసు మొత్తం మీద ఇంత సూటి ప్రశ్న ఏ విద్యార్థీ వెయ్యలేదు. ఇంకో సీసా మీద యాసిడ్ పేరు, అది ఎంత ఉందో, బ్లీచింగుతో కలపకూడదనే హెచ్చరిక అన్నీ ఉన్నాయి, కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో. "ఇదండీ, చెప్పి అమ్మడమంటే" అని దాన్ని విడిగా పెట్టింది. మిగిలిన వాటికి తెలిసినంత వరకు నేను పెద్ద తెలుగు అక్షరాలతో చీటీలు రాసి అంటించాను. ఆవిడ కూడబలుక్కుని ఒక్కొక్కటీ చదివింది.

తర్వాతి వారం మోపెడ్ మనిషి వస్తే గేటు దగ్గరే ఆపింది. "డబ్బాలో ఏముందండీ?"

"మంచి సరుకండి."

"అది పేరు కాదు కదండీ. కనుక్కుని రండి, తీసుకుంటాం."

ఒక మనిషిని ఇంత మర్యాదగా వెనక్కి పంపడం నేనెక్కడా చూడలేదు. నేనైతే కేకలేసి, చివరికి ఏదో ఒకటి కొనేదాన్ని.

మెట్లెక్కితే ఆవిడ ఇప్పటికీ మధ్యలో ఒకసారి ఆగుతుంది. మా మధ్య ఆనాటి మాట రాలేదు. నిన్న పొద్దున మాత్రం, ఎప్పటిలాగే బాత్‌రూము గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. నేను ఫోను పెట్టేసి, లేచి ఆవిడ దగ్గరకు వెళ్ళాను.

"ఏమీ చల్లలేదమ్మా. ఈసారి అబద్ధం కాదు."

ఆవిడ చీపురు అందుకుంది.

"ఆ రోజూ మీరు అబద్ధం ఆడలేదండీ. నేనడిగింది వినలేదంతే" అంటూ లోపలికి వెళ్ళింది.