మోటారు కింద నాలుగు వేళ్ళ చెక్క

మా బావంటే నాకు పడదు. ఈ మాట మర్యాదగా చెప్పాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. మా అక్క మొగుడు ఆయన. ఆయన మీసం ఎంతదంటే, బోటు ఒడ్డుకొస్తే ముందు మీసం దిగుతుంది, తర్వాత చేపలు, ఆఖర్న ఆయన.

నాన్న పోయాక బోటు అక్కకీ నాకూ ఉమ్మడిగా వచ్చింది. మోటారు పిడి మాత్రం బావ చేతిలో పడింది. మా తీరంలో వెనక కూర్చుని పిడి పట్టినవాడు మారాజు, ముందు కూర్చున్నవాడు లంగరు లాగే కూలీ. పదేళ్ళుగా ఆ కూలీని నేనే.

కొత్త మోటారు వచ్చిన రోజున బావ నాన్న పాత తెప్ప దుంగలోంచి నాలుగు వేళ్ళ మందాన ఒక చెక్క కోయించాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, బోటు వెనక పలక అంచు మీద మేకులు కొట్టి, దాని మీద మోటారు తగిలించాడు. మావగారే ఇంజన్ని మోస్తాడట. తీరమంతా చేతులు జోడించింది. కన్నకొడుకుని నేనూ జోడించాల్సి వచ్చింది. అంతకంటే అవమానం ఉంటుందా?

నాన్న మోశాడు గానీ, ఎత్తు ఎక్కువైంది. మోటారు కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను పైన అరచేయంత రేకు ఒకటుంటుంది. అది బోటు అడుగుకు సమంగా ఉండాలి, మహా అయితే వేలెడు పైకి. నేను బోటు అడుక్కి వెదురుబద్ద ఆనించి చూస్తే నాలుగు వేళ్ళు పైనుంది. కెరటం ఎక్కినప్పుడల్లా ఫ్యాను నీళ్ళు వదిలేసి గాలి తాగి కేక పెట్టేది. ఆ కేకకి ఎక్కడో సముద్రానికి దూరంగా ఉన్న పాతపట్నంలో గేదెలు పాలు ఎగ్గొట్టి ఉంటాయి. బోటు మాత్రం ఉన్నచోటే ఉండేది.

చెక్క తీసేయమని చెప్పాను. బావ నా వైపు చూడకుండా మీసంతోనే జవాబిచ్చాడు.

"మావ సెక్క మీద సెయ్యేస్తే ఆ సెయ్యి ఇరుస్తాను. నువ్వు కొడుకువేటిరా అసలు?"

రోజూ అందరికంటే ఆఖర్న చేరుతుంటే అక్కకి విసుగొచ్చింది. పున్నమి దాకా గడువు పెట్టింది. అప్పటికీ మన బోటే ఆఖర్న వస్తే పిడి తమ్ముడిదేనంది. నాకు మహదానందం. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే. నా జీవితంలో ఇంత తేలిక పని ఎప్పుడూ దొరకలేదు.

మూడో రోజు పొద్దున్న తీరపు కెరటాలు దాటుతుండగా, తాడిచెట్టంత కెరటం లేచింది. నిజానికి రెండు తాడిచెట్లంత. ఫ్యాను గాలి తాగింది, బోటు అడ్డం తిరిగింది, బావ మీసం సముద్రం పాలైంది. ఎలాగో నిలదొక్కుకున్నాం. వెనక్కి చూస్తే ఒడ్డున అక్క మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి నిలబడి ఉంది. ఎవరి కోసం పరిగెత్తిందో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం బావ తిని గురకపెడుతుంటే మోటారు దించి, మేకులు ఊడదీసి, చెక్కని రంపం పెట్టి కోశాను. పొందూరు నేతగాడు పోగు అతికినంత ఒడుపుగా. మూడు వేళ్ళ మందం పోయింది, వేలెడు మిగిలింది. మళ్ళీ పసుపు రాశాను, బొట్లు పెట్టాను, వెదురుబద్ద ఆనించి రేకు చూసుకుని మోటారు బిగించాను.

మర్నాడు మా బోటు కెరటాల మీద ఎగరలేదు గానీ, ఎగరనందుకు సిగ్గుపడింది. వేటకి అందరికంటే ముందు చేరాం, తిరిగి ముందే వచ్చాం. బావ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని చెక్కకి దణ్ణం పెట్టాడు. పున్నమి వరకూ అదే వరస.

"సూసావా, మావ మహిమ," అన్నాడు పున్నమి నాడు. "నీలాంటోడి నోటికి తాళం ఏసినాడు."

చెక్క కోసింది నేనేనని, కాబట్టి పిడి నాదని చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నన్ను పక్కకి పిలిచి, నా చెవి వెనక నుంచి రంపపు పొట్టు నలుసు ఒకటి తీసి చూపించింది. ఎన్నాళ్ళుగా అక్కడ ఉందో. ఈ నాలుగు రోజులూ నేను స్నానం చేశానంటే ఎవరూ నమ్మరు.

"సెప్పు, ఇప్పుడే సెప్పు. పిడి నీకే ఇస్తాను. నాన్న సెక్క కోసినోడివని ఊరంతా తెలస్తాది, అంతే," అంది.

ఒడ్డున నలభై మంది చెక్కకి దణ్ణం పెడుతున్నారు. నేను వెళ్ళి వాళ్ళ వెనక నిలబడి, అందరికంటే గట్టిగా దణ్ణం పెట్టి, బోటు ముందుకి పోయి లంగరు తాడు చుట్టుకోవడం మొదలెట్టాను. బావ వెనక నుంచి, తాడు సరిగా చుట్టడం కూడా రాదు నీకు అన్నాడు.