కోలాటానికి పాట వెతుక్కుంటూ తోటపల్లి గూడూరు దాకా

విజయవాడలో మా కాలనీ ఆడవాళ్ళు పదహారు మందికి నేను కోలాటం నేర్పుతాను. ఏ పాట పెట్టినా అదే డీజే దరువు, అదే కీచుగొంతు. వినీ వినీ విసుగెత్తి, నోటితో పాడేవాళ్ళు ఇంకా ఎక్కడున్నారని వాకబు చేశాను. నెల్లూరు తీరంలో, తోటపల్లి గూడూరు దాటాక ఒక జాలర్ల ఊళ్ళో చెంచమ్మ అనే ఆవిడ పాడుతుందన్నారు. శనివారం ఉదయం ఆరింటి రైలెక్కాను.

రైలు గంట ఆలస్యం. పదకొండింటికి నెల్లూరులో దిగి, కారం దోసె తిని బస్టాండుకు వెళ్ళాను. గూడూరు బోర్డు చూసి ఎక్కేశాను. ఊరు దాటాక, జాలర్ల ఊరికని చెబితే కండక్టరు టికెట్టు కొట్టబోయి ఆగాడు. “మీరు పోవాల్సింది తోటపల్లి గూడూరు మేడం. అది సముద్రం పక్క. ఇది వేరే గూడూరు, దిగండి.” వెళ్ళదలచినవాళ్ళు ఊరి పేరు పూర్తిగా చెప్పండి. నేను ఎండలో వెనక్కి రావడానికే ముప్పావుగంట పట్టింది.

సరైన బస్సులో పక్కన కూర్చున్నావిడ నా సంచిలోని కోలాటం కర్రలు చూసి పలకరించింది. “మా ఊర్లో గూడా టీము ఉంది. అందరం ఒకే రంగు చీరలు తీసుకున్నాం. పాటలు కావాలంటే ఫోన్లో పంపిస్తా.”

“పాడేవాళ్ళు లేరా?”

“ఇంక పాడేదెందుకక్కా, పెన్‌డ్రైవ్ ఉంటే.”

బస్సు దిగి, రొయ్యల గుంటల మధ్య నుంచి ఆటోలో వెళ్ళేసరికి రెండు దాటింది. రామమందిరం ముందు ఇరవై మంది జాతర కోసం సాధన చేస్తున్నారు. పక్కన మనిషెత్తు స్పీకరు. చెంచమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని చూస్తోంది. అరవై దాటిన మనిషి.

ఆమె ఎందుకు పాడటం లేదని గురువు రమణయ్యను అడిగితే మొహమాటం లేకుండా చెప్పాడు. “ఆమె పాట రోజుకో రకంగా సాగుద్ది మేడం. అడుగులు తప్పుతాయి.” అంత దూరం నుంచి వచ్చింది ఇది వినడానికా అనిపించింది.

ఇంతలో కరెంటు పోయింది. ఇరవై మందీ ఎత్తిన కర్రలు ఎత్తినట్టే నిలబడిపోయారు. చెంచమ్మ లేచి పాట అందుకుంది. వేటకు పోయిన పడవ కోసం ఎదురుచూసే పాట. గొంతులో జీర ఉంది కానీ నిండుగా ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. రెండు చుట్లు తిరిగారో లేదో కర్రలు ఒకదానికొకటి తగలక గాలిని కొట్టాయి, ఇద్దరు గుద్దుకున్నారు. రమణయ్య ఆపేశాడు. “కరెంటు రానీ పెద్దమ్మా.”

ఆమె మళ్ళీ అరుగెక్కింది. నాకు ఆ స్పీకర్ని గుంటలో తోసేయాలనిపించింది.

“వాళ్ళ తప్పు లేదులేమ్మా” అంది చెంచమ్మ. “నేను ఊపిరి తీసుకునేకాడ వాళ్ళు అడుగేస్తన్నారు. పెట్టెలో పాటకు ఊపిరి అక్కర్లేదు గదా.” స్పీకరు వైపు చూస్తూ, “ఇన్నేళ్ళు పాడినా. ఒక్క మాటైనా చెప్పకుండా పెట్టె తెచ్చినారు” అంది.

ఆ పాట మా వాళ్ళకు వినిపిస్తానని ఫోను తీసి రికార్డింగు పెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు గూడా పెట్టెలోనే పెడతావా?”

ఫోను సంచిలో వేసేశాను. “అయితే నేర్పించండి” అన్నాను. నాలుగు చరణాలు నేర్పింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మోకాలి మీద తట్టి చూపించింది. పాడలేక నేను విసుక్కుంటే, ఆమె అంతకంటే ఎక్కువ విసుక్కుంది. నా నంబరు తీసుకుని తనది ఇచ్చి, అయిదింటికి ఆటో ఎక్కించింది.

తిరుగు రైలు కూడా ఆలస్యమే. ఈ తీరంలో కోలాటం చచ్చిపోలేదు. ఊరూరా టీములున్నాయి, చీరలున్నాయి, ఉత్సాహం ఉంది. పాడే మనిషిని మాత్రం అరుగు మీద కూర్చోబెట్టారు. మా కాలనీలో నేను చేసిందీ అదే, కాకపోతే మాకు కూర్చోబెట్టడానికి కూడా మనిషి లేదు.

కావలి దగ్గర మూడో చరణం మర్చిపోయాను. ఫోను చేశాను. చెంచమ్మ చరణమంతా పాడి, “మళ్ళీ మర్చిపోతే బస్సెక్కి రా. ఫోన్లో ఇంక చెప్పను” అని పెట్టేసింది.

మర్చిపోతానన్న భయంతో గొంతెత్తే పాడాను. ఎదురు సీటాయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. తిడతాడనుకున్నాను. ఆయన రెండో చరణానికి కిటికీ ఊచ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. తప్పు తాళమే. నేను ఊపిరి తీసుకునే చోట మాత్రం ఆగాడు.