అరగ్లాసు సరంగు

సరంగు అరగ్లాసు టీకి కట్టుబడిన తేదీ విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పెళ్ళయిన మూడో ఏడని భార్య వాదం. కాదు, ఓడెక్కిన మొదటి వారమేనని ఓడలో వంటవాడి సిద్ధాంతం. తాను స్వహస్తాలతో పోసిన నిండు గ్లాసు సరంగు ఒళ్ళో ఒలికిందనీ, ఆయన రెండు రోజులు నిలబడే భోంచేశాడనీ అతను ఆధారం చూపుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గ్లాసులో టీ సగం దాటలేదన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు. గ్లాసు కింద ఒక తడిగుడ్డ. అది పరిస్తే తప్ప ఏ బల్లనూ ఆయన నమ్మడు.

నడిసముద్రంలో చమురు తోడే ప్లాట్‌ఫారాలకు కూరగాయలు, మంచినీళ్ళు, ఇనుప గొట్టాలు మోసుకెళ్ళే చిన్న ఓడ అది. కెప్టెన్ కింద డెక్కు పనివాళ్ళందరికీ సరంగే పెద్ద. గాలి లేచిందంటే మనుషులతో పాటు పళ్ళాలూ ప్రయాణం చేస్తాయి. కాబట్టి అక్కడ ఆయన్ని తప్పుపట్టేవారు లేరు. చిక్కల్లా ఇంటి దగ్గరే.

"ఇల్లేమన్నా ఊగుతోందా?" అనేది భార్య.

"ఊగదనుకో. ఊగితే?"

సెలవుల్లో ఉన్నన్నాళ్ళూ పూటకు పదిసార్లు కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం చూసేవాడు. ఓసారి బీరువాను కిటికీ ఊచకు తాడుతో కట్టేశాడు. ఇక లాభం లేదని ఆవిడే రేవు గోడౌనులో సూపర్‌వైజరు ఉద్యోగం కనిపెట్టి, తనే దరఖాస్తు రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఉద్యోగం వచ్చింది. సోమవారం పదింటికల్లా చేరకపోతే వరసలో రెండోవాడికి పోతుంది.

"ఇదే ఆఖరి ట్రిప్పు. మీ మోకాళ్ళు నా పక్షానే ఉన్నాయి," అంది ఆవిడ. "ఆలస్యం చేశారంటే ఆ తడిగుడ్డతో పాటు మిమ్మల్నీ దండెం మీద ఆరేస్తాను."

శనివారం మధ్యాహ్నానికి ఓడ ప్లాట్‌ఫారం పక్కనే ఉంది. పైకి ఎక్కించాల్సిన ఇనుప పెట్టెలు ఇంకా మూడు. డెక్కు మీద మోకాలి లోతున నీళ్ళు పరిగెడుతున్నాయి. ప్లాట్‌ఫారం మీది క్రేను కొక్కేన్ని పెట్టెకు తగిలించాక, ఓడ అల నెత్తికెక్కిన క్షణంలోనే పెట్టె లేచిపోవాలి. క్షణం అటూ ఇటూ అయితే, కిందికి దిగిన ఓడ మళ్ళీ ఎగిసి వచ్చి దాన్ని గుద్దుతుంది. పక్కన మనుషులుంటారు. అందుకే ఎత్తమనే మాట సరంగుదే.

వాకీటాకీలో కెప్టెన్ గొంతు వినిపించింది. "సరంగు గారూ, ఎత్తుదామా? ఇవాళ కాకపోతే మళ్ళీ మంగళవారమే."

సరంగు నోటిదాకా 'సరే' వచ్చింది. దాన్ని అలాగే మింగేశాడు.

"వద్దు సార్."

గంట తర్వాత మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాడు. ఆపైన వంటగదికీ డెక్కు తలుపుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వంటవాడు అరగ్లాసు అందించాడు.

"అన్నా, ఒక్క సరే అంటే వదిన చేతిలో బతికిపోతావు."

"కొక్కెం పట్టుకునేవాడికీ ఇంట్లో ఒకావిడ ఉంటుంది కదరా."

నాలుగింటికి గాలి కాస్త పక్కకు తిరిగింది. సరంగు పది అలలు లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మరో పది లెక్కపెట్టాడు. అప్పుడు, "ఎత్తండి," అన్నాడు. నలభై నిమిషాల్లో మూడు పెట్టెలూ పైకి చేరాయి. ఓడ ముక్కు రేవు వైపు తిరిగింది.

సోమవారం పదికి ఐదు నిమిషాలుండగా ఆయన గోడౌను ఆఫీసులో కూర్చున్నాడు. ఆఫీసరు నియామక పత్రం ముందు పెట్టి టీ తెప్పించాడు. గ్లాసు అంచు దాకా ఉంది. సరంగు జేబులోంచి రుమాలు తీశాడు, కూజాలో నీళ్ళతో తడిపాడు, శ్రద్ధగా పరిచాడు, దానిమీద గ్లాసు పెట్టాడు. పరిచింది పత్రం మీద.

"ఏం చేస్తున్నారండీ?"

"జారకుండా, సార్."

"ఎక్కడికి జారుతుంది?"

సరంగు బల్లను చూశాడు, నేలను చూశాడు. రెండూ ఆయన తరఫున సాక్ష్యం చెప్పలేదు. ఈలోగా ఆఫీసరు సంతకం ఊదా రంగు మబ్బులా పత్రమంతా కమ్ముకుంది.

"ఇంకోటి ప్రింటు తీయిస్తాను," అన్నాడు ఆఫీసరు నిట్టూర్చి. "అందాకా ఆ టీ చేత్తో పట్టుకుని తాగండి."

సరంగు అలవాటు కొద్దీ సగం తాగి ఆపాడు. లేచి కిటికీలోంచి ఆకాశం చూశాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. బయట లారీకి కట్టిన తాడు ఆయనకు నచ్చలేదు. వెళ్ళి విప్పి, మళ్ళీ కట్టి వచ్చాడు. కొత్త పత్రం మీద సంతకం పెడుతుండగా ఫోన్ మోగింది.

"చేరారా?" అంది భార్య.

"చేరాను."

"టీ అన్నా ఇచ్చారా?"

"నిండు గ్లాసు."

"అయితే తాగండి," అంది ఆవిడ.

ఇరవై రెండేళ్ళ నియమానికి స్వస్తి చెప్పవలసిన ఘడియ వచ్చిందని సరంగుకు అర్థమైంది. నిటారుగా కూర్చున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. గ్లాసు ఎత్తి రెండో సగం తాగాడు.

చల్లారిపోయింది.