విశ్వకర్మ పూజనాడు మోగిన కంప్యూటరు

ఖరగ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ రోజున ఏ యంత్రాన్నీ పనికి పెట్టరు. రైల్వే వర్క్‌షాపులో లేతులూ, క్రేనులూ, సుత్తులూ, స్పానర్లూ అన్నీ తుడిచి, బొట్టు పెట్టి, దండలేసి వదిలేస్తారు. ఏడాది పొడవునా అన్నం పెట్టిన వస్తువుకి ఆ ఒక్క రోజూ సెలవు. మా నాన్న అక్కడ ఫిట్టరు. ఇంట్లో అమ్మ కుట్టుమిషనూ, ఆయన సైకిలూ కూడా ఆ రోజు బొట్టు పెట్టించుకుని మూల నిలబడాల్సిందే. వర్క్‌షాపులో పూజ చూడ్డానికి నిమ్‌పురా క్వార్టర్ నుంచి అందరం నడిచే వెళ్లేవాళ్లం.

నాకిదంతా చాదస్తంగా ఉండేది. తొంభైల నడిమి మాట ఇది. అప్పటికి నేనూ రైల్వేలోనే గుమాస్తాని. చదువుకున్నవాణ్నన్న పొగరు కాస్త ఉండేది, కాస్తేమిటి, బాగానే ఉండేది. హౌరా లోకల్లో కలకత్తా వెళ్లి, చాందినీ బజారులో ఒక్కో భాగమే బేరమాడి తెచ్చుకుని, ముందుగదిలో కంప్యూటరు కూర్చుకున్నాను. కూర్చుకున్నాననడం గొప్పకే. అది ఎప్పుడు చూసినా సగం విప్పేసి ఉండేది. సవ్యంగా నడుస్తున్న వస్తువుని చూస్తే నాకు తోచేది కాదు. ఇంకాస్త మెమరీ వేస్తే ఎలా ఉంటుందో, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఏమవుతుందో అని చేతులు ఒకటే దురద. ఎవరైనా ఫ్లాపీల కట్ట ఇస్తే ఆదివారమంతా ఒకదాని తర్వాత ఒకటి మింగించేవాణ్ని. తీరా ఆఖరి ఫ్లాపీ దగ్గర చదవలేనని మొరాయించేది. అప్పటికే పాత సాఫ్ట్‌వేర్ చెరిపేసి ఉంటాను కనక రెంటికీ చెడ్డ రేవణ్ని. ఇది నడిచిన రోజు చెబితే కొబ్బరికాయ కొడతానని అమ్మ ఎగతాళి చేసేది.

మా నాన్నకి మాత్రం అది నడిచినా గొప్పే, నడవకపోయినా గొప్పే. టిఫిన్ వేళ తన గ్యాంగుతో కూర్చుని నా కంప్యూటరు కబుర్లే చెప్పేవాడట. ఆ గ్యాంగులో మన తెలుగువాళ్లున్నారు, బెంగాలీలున్నారు, ఒరియావాళ్లున్నారు. పెళ్లిళ్లకీ చావులకీ ఒకరికొకరు వాళ్లే. ఆ చలికాలం నాన్న రిటైరవుతాడు. ఉద్యోగంలో ఉండగా అదే ఆఖరి విశ్వకర్మ పూజ కనక, ఆ సాయంత్రం గ్యాంగునంతా ఇంటికి పిలిచి మాంసం, అన్నం పెడతానన్నాడు.

అందరూ వస్తున్నారు కదా, నా కంప్యూటరు నడిపి చూపిస్తానన్నాను నేను. తెర మీద ఒక్కొక్కరి పేరు పెద్దక్షరాలతో రంగుల్లో వేస్తానన్నాను. నాన్న మొహం వెలిగింది, అంతలోనే ముడుచుకుంది.

"ఆ రోజు మిషన్ ముట్టకూడదురా," అన్నాడు.

ఫ్యాను తిరగడం లేదా, టీవీ చూడ్డం లేదా, కంప్యూటరేమైనా లేతు మిషనా అని వాదించాను. నేను కాలేజీ మెట్లెక్కినప్పటి నుంచి ఏ వాదంలోనూ ఆయన నా మీద నెగ్గింది లేదు. సరేనన్నాడు. మర్నాడే గ్యాంగుకంతా చెప్పేశాడు. మావోడు మీ పేర్లన్నీ టీవీలో లాగ ఏసి సూపిస్తాడు అన్నాడట.

ఇక నేను బుద్ధిమంతుడినై, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి ఉంటే సరిపోయేది. అంతమంది వస్తుంటే ఉత్త పేర్లేమిటి, పాట కూడా వినిపించాలి అనిపించింది. పూజకి ముందురోజు సెలవు పెట్టి కలకత్తా వెళ్లి సౌండ్ కార్డు, స్పీకర్లు, ఇంకో మెమరీ ముక్క కొనుక్కొచ్చాను. పూజనాడు వర్క్‌షాపుకి కూడా పోకుండా, ముందు కార్డుతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తర్వాత వాటిని బిగించాను. బిగించి స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. స్పీకర్ల శబ్దం పెంచే గుండీ పూర్తిగా తిప్పి చూశాను, ఏదైనా వినబడుతుందేమోనని. వీధిలో పూజనాటి గాలిపటాలెగరేసే పిల్లల గోల తప్ప ఏమీ వినబడలేదు. నాన్న ప్రసాదం పట్టుకుని వచ్చి, కుంకుమ తీసి కంప్యూటరు నెత్తిన బొట్టు పెట్టి, నాకేసి నవ్వి పెరట్లోకి వెళ్లాడు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

సాయంత్రం అందరూ ఉతికిన చొక్కాలేసుకుని వచ్చారు. వరండాలో చాపల మీద కూర్చుని, మూసిన ముందుగది తలుపుకేసి చూస్తున్నారు. గ్యాంగులో పెద్దాయన, నేను మావయ్యా అని పిలిచే ఆయన, తన పేరే మొదట వెయ్యాలన్నాడు. నేను నాన్నని పెరట్లోకి పిలిచి, అది నడవడం లేదని చెప్పాను. నిన్నటిదాకా నడిచింది కదా అన్నాడు. కొత్త సామాను వేశానన్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. భుజం మీద తువ్వాలు సర్దుకుని వరండాలోకి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"ఏటీ అనుకోకండి," అన్నాడు వాళ్లతో. "మావోడు మిషన్ ఏస్తానన్నాడు గానీ నానే ఒద్దన్నాను. ఈయాల ముట్టకూడదు గదా. బిడ్డ నా మాట కాదన్లేదు."

నేను వాదించి మాన్పించిన నమ్మకాన్నే తెచ్చి నా మీద దుప్పటిలా కప్పాడు. వాళ్లంతా తలలూపారు. ఒక బెంగాలీ మిస్త్రీ "ఖూబ్ భాలో ఛేలే", చాలా మంచి కుర్రాడు అని నా వీపు తట్టాడు. చదువుకున్నా పెద్దల మాట మీద నిలబడ్డాడు, ఈ కాలంలో ఎవరున్నారలా అన్నాడు మావయ్య. వడ్డిస్తూ కూడా ఎవరి మొహమూ చూడలేకపోయాను. మంచినీళ్లు తెస్తానని లోపలికి తప్పించుకుని, ముందుగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఊరికే నిలబడదామనే వెళ్లాను. కానీ కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? మూత తీసే ఉంది. కొత్త మెమరీ ముక్క ఒక కొస కాస్త పైకి లేచినట్టు కనబడింది. బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుంది. ఇదేనా అనుకున్నాను. ఇదేనో కాదో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. స్విచ్ వేశాను. తెర వెలిగింది. అక్షరాలు గబగబా పైకి పోయాయి. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే, వరండా సంగతే మరిచిపోయి సంతోషపడ్డాను.

అప్పుడు స్పీకర్లు మోగాయి. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సంగీతం, గుండీ పూర్తిగా తిప్పి ఉంది కదా, గుడిగంటలా క్వార్టరంతా మోగింది. తీగ పీకేశాను. కానీ మోగాల్సింది మోగిపోయింది.

వరండాలో మాటలు ఆగిపోయాయి. తలుపు సందులోంచి చూశాను. నాన్న చెయ్యి విస్తరిలో అన్నం మీద అలాగే ఉంది. తల ఎత్తలేదు. వాళ్లలో ఒక్కరు కూడా తలుపుకేసి చూడలేదు. కాసేపటికి మావయ్య గొంతు పెంచి, మాంసం బాగా ఉడికింది, ఎవరు వండారు అని అడిగాడు. అందరూ ఒక్కసారిగా మాంసం గురించి మాట్లాడారు. అవసరానికి మించి మాట్లాడారు. వెళ్లేటప్పుడు ఎవరూ నన్ను పిలవలేదు.

వాళ్లు వెళ్లాక నాన్న గదిలోకి వచ్చి నల్లటి తెర ముందు నిలబడ్డాడు.

"బాగయిందేటి?" అన్నాడు.

"అయింది నాన్నా."

"మంచిది," అని చేతులు కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన సైకిలు తొక్కుకుంటూ భోజనానికి ఇంటికి వచ్చాడని సాయంత్రం అమ్మ చెప్పింది. అన్నేళ్లలో ఎన్నడూ రాలేదు, క్యారియర్ పట్టుకెళ్లి గ్యాంగుతోనే తినేవాడు. ఎందుకొచ్చావంటే వేడిగా తినాలనిపించిందన్నాడట. ఆ తర్వాత రోజూ వచ్చాడు. కంప్యూటరు మాత్రం అప్పటి నుంచి దివ్యంగా నడిచింది.

చలికాలం మొదట్లో మావయ్య బజారులో కనబడి నన్ను పక్కకి పిలిచాడు.

"మీ నాన్న మా కాడ కూసోడం మానేసినాడురా. మాం ఏటీ అనుకోలేదని సెప్పు. ఒకపాలి రమ్మను."

అలాగే మావయ్యా అన్నాను. ఇంటికెళ్లాక నాన్న ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ మాట చెబితే, ఆ సాయంత్రం వాళ్లందరికీ అంతా తెలిసిపోయిందని కూడా నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. చెప్పలేకపోయాను. రిటైరయ్యే రోజు దాకా ఆయన ఇంట్లోనే, ఒక్కడే, వేడిగా తిన్నాడు.