వినాయకుడి కింద నా లెక్క

నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా ఆళ్లగడ్డ పిల్లల్లో కొందరు కుక్కలకు, కొందరు సూదులకు భయపడేవారు. నేను మాత్రం ఒక అంకె నెత్తినెక్కి కూర్చునే చిన్న అంకెకు భయపడేదాన్ని. ఘాతాంకాల పాఠం మొదలైంది మొదలు నాకు అన్నం సయించలేదు (అమ్మ దిష్టి కూడా తీసింది). ఒకరోజు లెక్కల సారు, "రేపు ఒక్కొక్కరినీ బోర్డు కాడికి పిలుస్తా" అన్నాడు. సాయంత్రం నాయన విగ్రహాలు చెక్కే కొట్టానికి పోయాను. మర్నాడు పొద్దున్నే నంద్యాల గుడికి పోవాల్సిన వినాయకుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన అడుగున ఎర్రసుద్దతో 2³ × 2⁴ = 2¹² అని రాసి, కళ్లు మూసుకుని పదిసార్లు వల్లె వేసి, చెరపడం మరిచి ఇంటికి పోయాను.

మా కొట్టంలో ఒక కట్టుబాటు ఉంది. ఎర్రసుద్ద గీత అంటే నాయన మాట. గీత ఎక్కడుంటే అక్కడ ఉలి పడాలి, ఎందుకని అడగకూడదు. నాయన దగ్గర పనిచేసే మా మామ అడగలేదు. పొద్దున నేను పోయేసరికి నా లెక్క రాతిలో దిగి ఉంది! దెబ్బ తగిలిన విగ్రహం పూజకు పనికిరాదని పుట్టినప్పటి నుంచీ విన్నదాన్ని. సరిగ్గా అప్పుడే నంద్యాల వాళ్ల బండి వచ్చి ఆగింది.

"ఏందప్పా ఇది?" అన్నాడు నాయన.

"నువ్వే గీసినావనుకుంటి బావా," అన్నాడు మామ.

"నేనే నాయనా..." అని ఏడుపు లంకించుకున్నాను. ఈరోజుతో నా పని సరి అనుకున్నాను. మూడో తరగతితో బడి మానేసిన నాయన, ఆ అంకెల మీద బొటనవేలు పెట్టి మెల్లగా తడిమాడు.

"లోతు లేదులే. ఎట్లాగూ పీఠంలో దిగిపోతాది. లెక్క కరెక్టేనా?"

తల ఊపాను (ఆ క్షణంలో ఏమడిగినా ఊపేదాన్ని).

"అట్లయితే ఉండనీ. సామి కింద సదువుంటే మంచిదే."

బండి కదిలింది. గంట తర్వాత బడిలో సారు ఆ లెక్కే ఇస్తే బోర్డు మీద అదే రాశాను. "ఘాతాలు కూడల్ల పాపా, గుణిస్తాండావేంది?" అని సారు అరిచాడు. నూట ఇరవై ఎనిమిది రావలసిన చోట నాలుగు వేల తొంభై ఆరు! సారు బెత్తం నాకు కనబడనే లేదు. తప్పు లెక్క మీద దేవుణ్ణి కూర్చోబెట్టిన పిల్ల ఈ జన్మలో ఏ పరీక్షైనా గట్టెక్కుతుందా అనుకున్నాను.

గట్టెక్కాను. ఇప్పుడు నంద్యాలలోనే లెక్కల టీచర్ని. ఏటా ఎవరో ఒక పిల్ల ఘాతాలు గుణిస్తుంది, నేను అరవకుండా దిద్దుతాను. నాయన వచ్చినప్పుడల్లా ఆ గుడికి పోదామంటాడు. అక్కడ పక్కన నిలబడిన వాళ్లతో, "ఈ సామి కింద మా పాప లెక్క ఉండాది. ఒక్క తప్పు లేదు," అని చెబుతాడు.

నేను గబగబా లెంపలేసుకుంటాను. భక్తి అనుకుంటాడు నాయన.